చేరే రోజు లెక్క, బయటికొచ్చే రోజు లెక్క

ఎడిటర్ గారికి నమస్కారాలు.

గత ఆదివారం మీ చదువుల పేజీలో, రాబోయే పదేళ్లపాటు ఉద్యోగాలకు ఢోకా లేని పది కోర్సులంటూ ఒక వ్యాసం వచ్చింది. మా అన్నయ్య కూతురు ఆ పేజీ ఫొటో తీసి నాకు పంపింది. "అత్తా, వీటిలో ఏది తీసుకోమంటావ్? వచ్చే నెల పదో తేదీలోపు ఆప్షన్లు పెట్టాలి" అని అడిగింది. జవాబు రాయడానికి కూర్చుని రెండు రోజులు రాయలేకపోయాను. ఎందుకంటే 2012లో అలాంటి పేజీనే చూసి నేను పెట్రోలియం ఇంజనీరింగ్‌లో చేరాను. ఆ కాగితం ముక్క ఇప్పటికీ నా సర్టిఫికెట్ల ఫైల్లోనే ఉంది.

ఆ పేజీలో అబద్ధం లేదు. అది ముందే చెప్పాలి. అప్పుడు ముడిచమురు బ్యారెల్ 100 డాలర్ల పైనే ఉండేది. కొత్తగా చదువు ముగించిన పెట్రోలియం ఇంజనీర్లకు వచ్చే జీతాలు మిగతా బ్రాంచీల వాళ్లకు రావన్నది నిజమే. మా నాన్న ఆ అంకె కింద పెన్సిల్‌తో గీత గీశారు. చదువు కోసం అప్పు చేయాలి కాబట్టి జీతం చూసుకోవడం అత్యాశేమీ కాదు. ఇప్పటికీ నేను అదే అంటాను. అప్పు తీర్చాల్సిన కుటుంబానికి "నీకు ఇష్టమైనది చదువు, మిగతాది అదే వస్తుంది" అని చెప్పడం నాకు న్యాయంగా అనిపించదు.

అయితే ఆ జీతం 2012లో ఉద్యోగంలో చేరినవాళ్లది. వాళ్లు కోర్సులో చేరింది 2008లో. నేను బయటికి రావలసింది 2016లో. ఆ అంకెకూ నాకూ మధ్య నాలుగేళ్లు ఉన్నాయని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

2014 జూన్‌లో బ్యారెల్ 115 డాలర్ల దాకా వెళ్లింది. అమెరికాలో షేల్ రాళ్ల నుంచి తీసే చమురు అప్పటికే బాగా పెరిగింది. ధర జారడం మొదలైంది. ఆ నవంబర్‌లో చమురు ఎగుమతి చేసే ఒపెక్ దేశాలు సమావేశమై ఉత్పత్తి తగ్గించేది లేదన్నాయి. ధర ఇంకా పడింది. 2016 జనవరికి 30 డాలర్ల కిందికి వచ్చేసింది. నేను ఇంటర్న్‌షిప్ చేసిన కంపెనీ నాకు ఆఫర్ లెటర్ ఇచ్చింది. ఆఖరి సెమిస్టర్ పరీక్షలకు మూడు వారాల ముందు, జాయినింగ్ వాయిదా వేశామని నాలుగు లైన్ల మెయిల్ పంపింది. ఎప్పటి వరకూ అన్నది అందులో లేదు. ఇప్పటికీ ఆ కబురు రాలేదు.

ఒక్క ధర పడిపోవడమే అయితే దురదృష్టం అనుకుని ఊరుకునేదాన్ని. ఇంకొకటి జరిగింది. మా కంటే నాలుగేళ్ల ముందు బ్యాచ్‌లో 30 మంది ఉండేవారు. మా బ్యాచ్‌లో 60 మందిమి. ఈ కోర్సు లేని కాలేజీలు కూడా ఆ రెండు మూడేళ్లలో దాన్ని తెరిచాయి. నేను చూసిన పేజీనే నాలాంటి వాళ్లు ఎందరో చూశారు. అందరం ఒకే అంకెను నమ్మాం, అందరం ఒకేసారి బయటికొచ్చాం. అమెరికాలోనూ ఇదే జరిగింది. చమురు ధర పడిపోయిన తర్వాత, ఉద్యోగాలు లేని రోజుల్లోనే పెట్రోలియం పట్టాలు పెద్ద సంఖ్యలో చేతికొచ్చాయి. ఆ తర్వాత చేరేవాళ్లు ఒక్కసారిగా తగ్గిపోయారు.

రైతులకు ఇది కొత్త విషయం కాదు. ఒక ఏడాది ఏదో పంటకు ధర పలికితే మరుసటి ఏడాది అందరూ అదే వేస్తారు. సరుకు ఒకేసారి వచ్చి పడి ధర కూలుతుంది. ఆ పై ఏడాది ఎవరూ వేయరు, మళ్లీ ధర పెరుగుతుంది. అర్థశాస్త్రంలో దీన్ని సాలెగూడు నమూనా అంటారు. ఇంజనీర్లు, లాయర్ల చదువుల్లోనూ ఇదే పద్ధతి నడుస్తుందని రిచర్డ్ ఫ్రీమన్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1970ల్లోనే చూపించారు. పంటకు కొన్ని నెలలు పడితే చదువుకు నాలుగేళ్లు పడుతుంది. తేడా అంతే.

మా మొదటి ఏడాదిలో ఒక ప్రొఫెసర్ గారు ఈ సంగతి క్లాసులో చెప్పారు కూడా. 1980ల మొదట్లో చమురు ధర బాగా ఉందని ఈ కోర్సుకు జనం ఎగబడ్డారనీ, 1986లో ధర 10 డాలర్ల దగ్గరికి పడిపోయేసరికి పట్టా చేతికొచ్చినవాళ్లు వేరే పనులు వెతుక్కున్నారనీ ఆయన వివరించారు. మేం దాన్ని చరిత్ర పాఠంలా నోట్స్ రాసుకున్నాం. మా గురించే చెబుతున్నారని ఒక్కరికీ అనిపించలేదు. 2000 తర్వాత డాట్‌కామ్ కంపెనీలు కూలినప్పుడు కంప్యూటర్ సైన్స్ విషయంలో దీనికి విరుద్ధంగా జరిగింది. ఇక ఈ రంగం అయిపోయిందని పిల్లలు దూరమయ్యారు. భయపడకుండా ఉండిపోయినవాళ్లకు కొన్నేళ్లకే మంచి రోజులు వచ్చాయి.

కాబట్టి మా మేనకోడలికి నేను మొదట రాసింది ఇది: ఏ కోర్సుకు ఇప్పుడు ఎంత జీతం వస్తోందో చూడు, తప్పకుండా చూడు. దాని పక్కనే, గత మూడేళ్లలో ఆ కోర్సులో సీట్లు ఎన్ని పెరిగాయో కూడా చూడు. ఆ రెండో అంకె మీ వ్యాసంలో పది కోర్సుల్లో ఒక్కదానికి కూడా లేదు.

జీతం అంకె గురించి కూడా ఒక మాట చెప్పాలి. కాలేజీలు సగటు జీతం వేస్తాయి. పది మందిలో తొమ్మిది మందికి నెలకు 20 వేలు, ఒక్కరికి 2 లక్షల 20 వేలు వచ్చాయనుకుందాం. సగటు 40 వేలు అవుతుంది. ఆ 40 వేలు ఆ గదిలో ఒక్కరికి కూడా రాలేదు! వరసలో నిలబెడితే మధ్యలో ఉన్న మనిషికి ఎంత వచ్చిందో అడగాలి. దాన్ని మధ్యగతం అంటారు, లెక్కల పుస్తకంలో అందరం చదువుకున్నదే. అలాగే 90 శాతం ప్లేస్‌మెంట్ అంటే ఎంతమందిలో 90 శాతం? చాలాచోట్ల ఇంటర్వ్యూలకు పేరు నమోదు చేసుకోనిచ్చిన వాళ్లలోనే లెక్క కడతారు. బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయని పక్కన పెట్టినవాళ్లు అందులో ఉండరు. ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లు వస్తే మూడుగా లెక్కించిన చోట్లు కూడా నేను చూశాను. ఆఫర్ వచ్చి ఉద్యోగం రాని నేను కూడా మా కాలేజీ బ్రోచర్‌లో ఉద్యోగం వచ్చినట్టే ఉన్నాను.

వేగంగా పెరుగుతున్న రంగం అన్న మాట కూడా ఇంతే. వెయ్యి మంది పనిచేసే రంగం 50 శాతం పెరిగితే కొత్తగా వచ్చేవి 500 ఉద్యోగాలు. పది లక్షల మంది పనిచేసే రంగం 3 శాతమే పెరిగినా 30 వేలు వస్తాయి. దానికి తోడు ఏటా పదవీ విరమణ చేసేవాళ్ల ఖాళీలు, పని మానేసేవాళ్ల ఖాళీలు ఉంటాయి. అమెరికా కార్మిక గణాంక సంస్థ పదేళ్ల అంచనాలు వేస్తుంది. అందులోనూ ఎక్కువ ఖాళీలు ఇలా పాతవాళ్లు వెళ్లిపోవడం వల్ల వచ్చేవే. నర్సింగ్, టీచింగ్, అకౌంట్స్ లాంటివి ‘టాప్ టెన్’లో ఎక్కకపోయినా మనుషులను తీసుకుంటూనే ఉంటాయి.

కృత్రిమ మేధ ఏ ఉద్యోగాన్ని మింగేస్తుందోనని ఇప్పుడు ప్రతి ఇంట్లో టెన్షన్. మీ వ్యాసంలో కూడా దానికి రెండు పేరాలు ఇచ్చారు. 2016లో జెఫ్రీ హింటన్, ఇక రేడియాలజిస్టులకు శిక్షణ ఇవ్వడం ఆపేయాలని, ఐదేళ్లలో యంత్రాలు వాళ్లకంటే బాగా చూస్తాయని సభలో అన్నారు. ఆయన కృత్రిమ మేధ రంగానికి పునాదులు వేసినవాళ్లలో ఒకరు, 2024లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. ఆ ఐదేళ్లూ దాటిపోయి చాలా కాలమైంది. ఎక్స్‌రేలు, స్కాన్‌లు చూడటంలో యంత్రాలు నిజంగానే బాగుపడ్డాయి. అయినా బ్రిటన్ లాంటి చోట్ల రేడియాలజిస్టులు ఇప్పటికీ చాలడం లేదు. స్కాన్ చూడటం ఆ డాక్టర్ చేసే పనుల్లో ఒకటి మాత్రమే. చికిత్స చేసే డాక్టర్‌తో మాట్లాడటం, పాత స్కాన్‌తో పోల్చి రోగి పరిస్థితి చెప్పడం, పరీక్ష కోసం సూదితో కణజాలం ముక్క తీయడం, బాధ్యత తీసుకుని సంతకం పెట్టడం కూడా అందులో ఉన్నాయి. అంత పెద్దాయన అంచనాకే అలా జరిగింది. ఆ రోజు ఆ మాట విని రేడియాలజీ వదులుకున్న పిల్లలు ఎవరైనా ఉంటే, వాళ్ల గురించి నాకు బాధగా ఉంటుంది.

నేనిప్పుడు భూగర్భజలాల మీద పనిచేస్తున్నాను. కాలేజీ అయ్యాక పద్నాలుగు నెలలు ఖాళీగా ఉన్నాను. ట్యూషన్లు చెప్పాను, అప్పు వడ్డీ కట్టాను. ఆ తర్వాత ఒక నీటి ప్రాజెక్టులో కాంట్రాక్టు మీద ఇంజనీరు కావాలని చూసి, అర్హత సరిపోదేమోనన్న భయంతోనే వెళ్లాను. అక్కడ వాళ్లు మొదట అడిగింది డార్సీ సూత్రం. 1856లో హెన్రీ డార్సీ అనే ఫ్రెంచ్ ఇంజనీరు ఇసుక గొట్టాల్లోంచి నీళ్లు పంపి, అవి ఎంత వేగంగా దిగుతాయో కొలిచి రాసిన సూత్రం అది. రాళ్ల సందుల్లో చమురు ఎలా కదులుతుందో లెక్క కట్టడానికి మేం నాలుగేళ్లు వాడింది కూడా దాన్నే. రాళ్లలోంచి ద్రవం ఎంత సులువుగా పారుతుందో కొలిచే ప్రమాణానికి మా చమురువాళ్లు ఆయన పేరే పెట్టుకున్నారు. బావి ఒకటే, లోపల ఉన్నది వేరు. బోర్డు మీద ఆ సమీకరణం రాస్తున్నప్పుడు నా చెయ్యి వణికింది, ఇంటికొచ్చి ఏడ్చాను. నీళ్ల కదలికను లెక్కించే మోడ్‌ఫ్లో అనే సాఫ్ట్‌వేర్‌ను అమెరికా భూగర్భ సర్వే సంస్థ ఉచితంగానే ఇస్తుంది. దాన్ని నాలుగు నెలల్లో నేర్చుకున్నాను.

అందుకే మేనకోడలికి రెండో ఉత్తరంలో, కోర్సు పేరు పక్కన పెట్టి మొదటి రెండేళ్ల సిలబస్ చూడమని రాశాను. అందులో ఉన్న లెక్కలు, భౌతికశాస్త్రం, ప్రోగ్రామింగ్, రాత పని ఇంకెన్ని చోట్ల పనికొస్తాయో చూసుకోమన్నాను. పేరు ఎంత కొత్తగా, ఎంత ఇరుకుగా ఉంటే అంత జాగ్రత్త. నా బ్యాచ్‌లో త్వరగా నిలదొక్కుకున్నవాళ్లు మొదటి ర్యాంకర్లేమీ కాదు. మెకానికల్ ఎలక్టివ్‌లు తీసుకున్నవాళ్లు, కోడింగ్ మీద చెయ్యి వేసినవాళ్లు.

మరొకటి మిగిలింది. 2012లో నేను చమురు బావి దగ్గర పనిచేసే ఒక్క మనిషితోనైనా మాట్లాడలేదు. 28 రోజులు సైటు మీద, 28 రోజులు ఇంట్లో ఉండే డ్యూటీలు ఉంటాయని, పన్నెండేసి గంటల షిఫ్టులని ఇంటర్న్‌షిప్‌కి వెళ్లేదాకా తెలియదు. అది నాకు సరిపోయేదో లేదో వేరే సంగతి. నాలుగేళ్ల జీవితం, ఇంటి అప్పు పెట్టేముందు నాలుగు గంటలు పెట్టి అడగలేదు. మా మేనకోడలికి ఫార్మసీ మీద మనసు ఉంది. గత వారం మందుల తయారీ ప్లాంటులో నాణ్యత చూసే ఒకావిడతో ఫోన్‌లో మాట్లాడించాను. నిన్న ఉదయం పదింటికి ఏం చేస్తున్నారు, ఈ ఉద్యోగంలో దేనికి విసుగొస్తుంది, మీతో చేరి మానేసినవాళ్లు ఎక్కడికి వెళ్లారు అని మూడు ప్రశ్నలు రాసిచ్చాను. పిల్ల గంటన్నర మాట్లాడింది. రోజులో ఎక్కువ భాగం రికార్డులు రాయడం, సరిచూడటమే అని విని కొంచెం దిగులు పడింది, మళ్లీ తనకు అలాంటి పని పట్టుదలగా చేయడం వచ్చని తనే అంది. ఇంకా తేల్చుకోలేదు. తేల్చుకునేది తనే.

ఎడిటర్ గారూ, మీ చదువుల పేజీ ఆపమని నేను అడగడం లేదు. ఇంట్లో చదువుకున్నవాళ్లు గానీ, అడగడానికి మనిషి గానీ లేని పిల్లలకు అదే దిక్కు. నా మనవి ఏమిటంటే, ప్రతి కోర్సు కింద మధ్యగత జీతం, ఎంతమందిలో ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మూడేళ్లలో సీట్లు ఎంత పెరిగాయి అన్న మూడు అంకెలు వేయండి. ఆ వివరాలు కాలేజీ ఇవ్వకపోతే, ఇవ్వలేదని వేయండి. ఏడాదికి ఒకసారి, ఐదేళ్ల కిందట మీరే వేసిన జాబితా మళ్లీ తీసి, ఆ కోర్సుల్లో చేరినవాళ్లను వెతికి ఏమయ్యారో రాయండి. నాలాంటి వాళ్లం మాట్లాడటానికి సిద్ధంగా ఉన్నాం.

2012 నాటి ఆ కాగితం నకలు ఈ లేఖకు జత చేస్తున్నాను. పెన్సిల్ గీత మా నాన్న గీసింది, దాన్ని మాత్రం అచ్చు వేయకండి.

ఇట్లు,
భూగర్భజల విభాగంలో పనిచేస్తున్న మీ పాఠకురాలు