గెలిస్తే రెండు పాయింట్లు, ఏడో స్థానానికి ఆరా?

నాన్నా,

నీ మెసేజ్ చదివాను. మొదటి స్థానం వచ్చిన పిన్‌బాల్ పోటీకి రెండు పాయింట్లు వేసి, ఏడో స్థానంలో ఆగిపోయిన పోటీకి ఆరు పైన వేశారు, ఇదెక్కడి న్యాయమమ్మా అన్నావు. నా మటుకు న్యాయంగానే ఉంది. వందకి పెట్టిన పేపర్లో ముప్పై తెచ్చుకున్నవాడికి, పదికి పెట్టిన పేపర్లో పదికి పది తెచ్చుకున్నవాడి కన్నా ఎక్కువ మార్కులే కదా ఉండేది. పిన్‌బాల్‌లో, అదే మెషీన్‌లో బాల్ కిందికి జారిపోకుండా మీటలతో కొడుతూ ఆడే ఈ ఆటలో, ఏ పేపరు ఎన్ని మార్కులకో ఎలా తేలుస్తారన్నదే అసలు సంగతి.

ప్రపంచ ర్యాంకింగులు నడిపేది ఐఎఫ్‌పీఏ అనే అంతర్జాతీయ పిన్‌బాల్ సంఘం. వాళ్ళ పాయింట్లనే ఆటగాళ్ళు వాపర్లు అంటారు. పోటీ అయిపోయాక ముందు ఆ పోటీ మొత్తానికి ఒక విలువ కడతారు. గెలిచినవాళ్ళకి ఆ విలువ పూర్తిగా వస్తుంది, మిగిలినవాళ్ళకి స్థానాన్ని బట్టి తగ్గుతూ పోతుంది. నువ్వు గెలిచినప్పుడు వచ్చిన రెండు పాయింట్లూ నీ ఆటకి కట్టిన వెల అనుకుంటున్నావు. అది ఆ సాయంత్రం జరిగిన పోటీకి కట్టిన వెల.

మొదట చూసేది ఎవరెవరు వచ్చారని. కనీసం ఐదు పోటీలు ఆడి ఉన్న ప్రతి మనిషికీ అర పాయింటు. అలాంటివాళ్ళు 64 మంది ఉంటే 32, ఆ పైన ఎంతమంది వచ్చినా అంతే. కొత్తగా వచ్చినవాళ్ళ వల్ల ఈ లెక్క పెరగదు. నువ్వు గెలిచిన చోట పన్నెండు మంది ఆడారు కానీ రేటింగ్ ఉన్నవాళ్ళు, అంటే ఆ ఐదు పోటీలూ ఆడినవాళ్ళు, ఎనిమిది మందే అన్నావు. అంటే మూల విలువ నాలుగు.

దాని మీద, వచ్చినవాళ్ళ స్థాయిని బట్టి మరికొంత కలుస్తుంది. ప్రపంచ ఒకటో ర్యాంకు ఆటగాడు ఒక్కడే సుమారు ఒకటిన్నర పాయింట్లు తెచ్చిపెడతాడు. ర్యాంకు దిగేకొద్దీ ఆ వాటా మొదట్లో గబగబా, తర్వాత నెమ్మదిగా తగ్గి, వెయ్యో ర్యాంకు చేరేసరికి ఏమీ మిగలదు. స్థాయి చూడటానికి ర్యాంకింగ్ కాకుండా రేటింగ్ అని ఇంకొకటుంది. ఎన్ని పోటీలు ఆడావన్నది దానికి పట్టదు, ఎవరి మీద నెగ్గావు, ఎవరి చేతిలో ఓడావు అన్నదే చూస్తుంది. మార్క్ గ్లిక్‌మన్ చదరంగం కోసం తయారుచేసిన గ్లికో పద్ధతి మీద నడుస్తుంది. తక్కువ పోటీలు ఆడే మంచి ఆటగాడికి ర్యాంకింగ్‌లో దక్కని గుర్తింపు ఇక్కడ దక్కుతుంది. అందుకే ఈ రెండింటిలో నాకు రేటింగే ఎక్కువ నచ్చుతుంది.

ఇక గ్రేడింగ్. అందరూ టీజీపీ అంటారే, అదే. విజేత గెలవడానికి ఎన్ని ఆటలు ఆడాల్సి వచ్చిందో చూస్తారు. ఫలితాన్ని నిజంగా తేల్చిన ఆటలే లెక్క. ఒక్కో ఆటకి 4 శాతం, 25 ఆటలైతే 100 శాతం. అన్నీ కుదిరిన పెద్ద పోటీల్లో ఇది 200 దాకా వెళ్ళవచ్చు. నలుగురేసి గుంపులుగా మ్యాచ్‌ప్లే, అంటే ఒకే మెషీన్ మీద ఒకరితో ఒకరు తలపడే పోటీ, పెడితే ఒక్కో ఆట రెండాటల కింద లెక్క, ఎందుకంటే ఒకే ఆటలో ముగ్గురితో తేల్చుకుంటున్నావు. మూడు బాల్స్ ఆటని త్వరగా ముగించాలని ఒక్క బాల్‌కి కుదిస్తే శాతమూ కుదించుకుపోతుంది. క్వాలిఫయింగ్ పెట్టి, సగం కన్నా ఎక్కువమందిని ఫైనల్స్‌కి పంపితే ఆ క్వాలిఫయింగ్ ఆటలు అసలు లెక్కలోకే రావు. ఎవరినీ పెద్దగా వడపోయని రౌండుకి విలువేమిటన్నది వాళ్ళ ఉద్దేశం. నాకూ సబబుగానే అనిపిస్తుంది.

మొదటి రెండూ కూడి, వచ్చినదాన్ని ఈ శాతంతో గుణించాలి. నీ పోటీకి మూల విలువ 4, స్థాయికి ఓ 0.6 వేసుకో, 4.6. గెలవడానికి పదకొండు ఆటలు ఆడావు, అంటే 44 శాతం. గుణిస్తే రెండు. నీకు వచ్చినదదే.

ఇప్పుడు ఏడో స్థానం వచ్చిన ఆ రెండో పోటీ. రేటింగ్ ఉన్నవాళ్ళు 36 మంది, మూల విలువ 18. గట్టివాళ్ళు చాలామందే వచ్చారు కాబట్టి స్థాయికి 12 అనుకుందాం, మొత్తం 30. నలుగురేసి గుంపుల్లో పన్నెండు రౌండ్లు, అంటే 24 ఆటల కింద లెక్క, 96 శాతం. పోటీ విలువ 28.8. పంచేటప్పుడు ఇందులో పదో వంతు స్థానాల వారీగా సమానమైన మెట్లలో దిగుతుంది. మిగిలిన తొమ్మిది వంతుల్లో పైస్థానాలకే భారీగా వస్తుంది, రేటింగ్ ఉన్నవాళ్ళలో కింది సగానికి అందులోంచి ఏమీ రాదు. ఏడో స్థానానికి మొదటి రకంలో 2.4, రెండో రకంలో 4, వెరసి 6.4. కావాలంటే కాగితం మీద వేసి చూసుకో.

ప్రపంచ ఛాంపియన్‌షిప్ లాంటి మేజర్లకి ఆఖర్లో ఇంకో గుణకం ఉంటుంది. దాని గురించి నువ్వు ఇప్పుడే బెంగపెట్టుకోనక్కర్లేదు.

అన్నట్టు, న్యూయార్క్‌లో పిన్‌బాల్ జూదమని దశాబ్దాల పాటు నిషేధించారు. 1976లో రోజర్ షార్ప్ అనే ఆయన నగర కౌన్సిల్ సభ్యుల ముందు మెషీన్ ఆడి, బాల్ ఏ దారిలో పోతుందో ముందే చెప్పి కొట్టి, ఇది అదృష్టం కాదు, చేతి నేర్పు అని చూపించాడు. ఆయన కొడుకులు జాష్, జాక్ ఇప్పటి ఐఎఫ్‌పీఏకి ముఖ్యులు. నేర్పుని దశాంశాలతో సహా కొలవాలన్న పట్టుదల వాళ్ళకి ఇంట్లోంచే వచ్చిందేమో అని నా అనుమానం.

ఒకసారి వచ్చిన పాయింట్లు నిలవుండవని కూడా గుర్తుంచుకో. ఏడాది వరకూ పూర్తి విలువ, రెండో ఏడు 75 శాతం, మూడో ఏడు 50, ఆ తర్వాత సున్నా. పైగా నీ ఫలితాల్లో మేలైన 20 మాత్రమే ర్యాంకుకి లెక్క. ఇప్పుడు నీ ఖాతాలో ఖాళీలు చాలా ఉన్నాయి కాబట్టి ఆ రెండు పాయింట్లూ పనికొస్తాయి. ఇరవై నిండాక అలాంటి చిన్న పోటీ నీ ర్యాంకుని కదిలించలేదు. అయినా ఆ మెషీన్ల మీద చెయ్యి తిరగాలంటే వెళ్ళాల్సిందే.

నెలనెలా నువ్వే ఒక పోటీ నడుపుతానన్నావు కాబట్టి రెండు మాటలు. శాతం కోసం అర్ధరాత్రి దాకా సాగదీసే నిర్వాహకులున్నారు. ఆఖరి రౌండ్లకి జనం నిలబడలేక, టిల్ట్ చేసేసి, అంటే మెషీన్‌ని కావాలని గట్టిగా కుదిపి బాల్ పోగొట్టుకుని, ఇళ్ళకి పోతుంటే, ఆ ఆటలు కాగితం మీద తప్ప ఎక్కడా ఉండవు. నలుగురేసి గుంపుల్లో ఎనిమిది రౌండ్లు పెట్టు, 64 శాతం వస్తుంది. ఒక సాయంత్రానికి అది చాలు. కొత్తవాళ్ళ వల్ల విలువ పెరగదని వాళ్ళని పిలవడం మాత్రం మానకు, ఐదు పోటీలు కాగానే వాళ్ళూ లెక్కలోకి వస్తారు.

పోటీని కనీసం 30 రోజుల ముందే ఐఎఫ్‌పీఏ క్యాలెండర్‌కి పంపాలి, లేకపోతే పాయింట్లే ఉండవు. కాబట్టి తేదీ ఈ వారంలోనే తేల్చు. మెషీన్ల పేర్లు రాసి పంపితే వాటిలో ఆట మరీ సాగిపోయేవి ఏవో చూసి చెబుతాను, వాటిని పక్కన పెట్టేద్దువుగాని.

అమ్మ