ఆల్బర్ట్ హాల్లో మాట రెండుసార్లు వినపడేది

లండన్

మావయ్యకి నమస్కారాలు.

పర్లాకిమిడిలో ఆ గుమ్మటం కల్యాణ మండపంలో హరికథ పెడితే ఒక్క ముక్కా తెలియడం లేదని, బరంపురం నుంచి ఇంకో రెండు పెద్ద స్పీకర్లు తెప్పిస్తున్నారని రాశారు. కొన్నాళ్లు ఆపించండి. ఇక్కడ రాయల్ ఆల్బర్ట్ హాల్ అని గుమ్మటమున్న పెద్ద కచేరీ హాలుంది, దానిది కూడా దాదాపు వందేళ్లు ఇదే రోగం.

1871 మార్చి 29న తెరిచారు. నమూనా గీసిన ఫౌక్ కట్టడం మొదలవకముందే చనిపోతే స్కాట్ పూర్తిచేశాడు, ఇద్దరూ సైన్యంలో ఇంజనీర్లే. డబ్బు కోసం ఒక్కో సీటు వంద పౌన్లకి, 999 ఏళ్ల హక్కుతో ముందే అమ్మేశారు. గుమ్మటం ఇనుప చట్రాన్ని మాంచెస్టర్‌లో ఒకసారి బిగించి చూసి, విప్పి, బళ్ల మీద తెచ్చారు. సెంట్రింగు విప్పే రోజున, ఉంటామన్న కొద్దిమందిని తప్ప అందరినీ బయటికి పంపేశారు. తీరా గుమ్మటం దిగింది అంగుళంలో మూడో వంతు కూడా లేదు! హాల్లో ఉన్న ఆర్గాన్ అనే పెద్ద గాలి వాయిద్యానికి 9,999 గొట్టాలు. ఇంకొక్కటి పెడితే ఏం పోయిందో.

అసలు చిక్కు ఆ గుమ్మటమే. ఎత్తు 41 మీటర్లు. మాట పైకెళ్లి దిగిరావడానికి సుమారు పావు సెకను పడుతుంది. సెకనులో ఇరవయ్యో వంతు దాటిందంటే చెవికి అది రెండో మాట కిందే లెక్క. పైగా బోర్లించిన మూకుడులా ఆ వంపు శబ్దాన్ని చెదరనివ్వదు, ఒకచోటికి పోగేస్తుంది. స్పీకర్లు పెంచితే ప్రతిధ్వనీ అంతే పెరుగుతుంది.

మొదట గుమ్మటం కింద గుడ్డ కట్టారు. 1949లో అది తీసేసి గాడుల అల్యూమినియం పలకలు వేశారు. అదీ చాల్లేదు. చివరికి 1969లో పుట్టగొడుగుల్లాంటి ఫైబర్‌గ్లాస్ పళ్లేలు వేలాడదీస్తే దారికొచ్చింది. శబ్దం గుమ్మటం దాకా పోకుండానే వాటికి తగిలి, చెదిరి, తొందరగా కిందికొచ్చేస్తుంది. అప్పుడు 135 కట్టారు, 2001లో 85కి తగ్గించారు.

మీరు షామియానా గుడ్డ కడదామంటారేమో, వద్దు. పల్చటి గుడ్డ తాళాల చప్పుడు మింగుతుంది గానీ మృదంగం గుమ్ముమంటూనే ఉంటుంది. నాలుగడుగుల ప్లైవుడ్ పలకలు ఒక ఎనిమిది, ఎత్తులు మార్చి, కొంచెం వాల్చి కట్టించి చూడండి. ఉన్న స్పీకర్లనే కిందికి దించి, జనం వైపు వంచి, సౌండు తగ్గించండి. ముందు ఖాళీ హాల్లో వేదిక మీద చప్పట్లు కొట్టి, ఎక్కడ రెండోది వినపడుతుందో సుద్దతో గుర్తు పెట్టించండి. జనం నిండితే కొంత తగ్గుతుంది, ఆ లెక్క వేరే చూసుకోవాలి. పలకలకి తాడు కాదు, ఇనుప తీగే. ఒక్కోదానికి నాలుగు మూలలా కట్టించండి.

అత్తయ్యకి నమస్కారాలు.