చైనాలో మేయరు పైన ఉండే కార్యదర్శి

సంపాదకులకు నమస్కారం.

ఒక వంతెన పని ఏళ్ల తరబడి సాగినా, ఒక ప్రాజెక్టు కోర్టు కేసుల్లో చిక్కుకున్నా, ‘చైనాలో అయితే ఈపాటికి పూర్తయ్యేది, మనకూ అలాంటి పాలన కావాలి’ అనే మాట టీవీ చర్చల్లోనూ, అప్పుడప్పుడు పత్రికల్లో అచ్చయ్యే పాఠకుల లేఖల్లోనూ వినిపిస్తూ ఉంటుంది. ఆ మాట వెనక ఉన్న విసుగు న్యాయమైనదే. అయితే అక్కడి పాలన అంతా ఒక్క నాయకుడి సంతకంతో నడిచిపోతుందని ఊహించుకోవడం వల్ల దాని అసలు బలమూ మనకు తెలియడం లేదు, అసలు లోపమూ తెలియడం లేదు.

చైనాలో కేంద్రం నుంచి పల్లె దాకా ప్రతి అంచెలోనూ ప్రభుత్వంతో పాటు పార్టీ ఉంటుంది. ప్రావిన్సుకు గవర్నరు, నగరానికి మేయరు ఉన్నా, వారిపైన ఆ స్థాయి కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శి ఉంటారు. మేయరు సాధారణంగా అదే పార్టీ కమిటీలో ఉప కార్యదర్శి మాత్రమే. ఎవరిని ఏ పదవిలో వేయాలో, ఎవరికి పదోన్నతి ఇవ్వాలో పార్టీ సంస్థాగత విభాగాలు, పార్టీ కమిటీలు ముందే తేలుస్తాయి. ప్రజా ప్రతినిధుల సభలు ఆ తర్వాత ఓటు వేస్తాయి. అధ్యక్ష పదవికి ఉన్న రెండు దఫాల పరిమితిని ఎత్తివేసే సవరణకు 2018 మార్చిలో ఆ దేశ పార్లమెంటు అయిన జాతీయ ప్రజా కాంగ్రెస్‌లో అనుకూలంగా 2,958 ఓట్లు, వ్యతిరేకంగా 2 ఓట్లు వచ్చాయి. ఆ వార్తకు అప్పట్లో దక్కినంత ప్రాధాన్యం మరో సంగతికి దక్కలేదు: షీ జిన్‌పింగ్ అధికారానికి అసలు ఆధారాలైన పార్టీ ప్రధాన కార్యదర్శి పదవికీ, సైన్యాన్ని నడిపే కేంద్ర సైనిక కమిషన్ ఛైర్మన్ పదవికీ రాజ్యాంగంలో అలాంటి పరిమితి అంతకుముందు కూడా లేదు.

ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో వుహాన్‌లో జరిగినదాన్ని బట్టి చూడవచ్చు. తర్వాత కోవిడ్ అని పేరు పడిన కొత్త వ్యాధి గురించి 2019 డిసెంబరు 30న తోటి వైద్యులను హెచ్చరించిన కంటి డాక్టరు లీ వెన్లియాంగ్‌ను నాలుగు రోజులకే పోలీసులు పిలిపించి, ఇకపై ఇలాంటివి మానుకుంటానంటూ కాగితం మీద సంతకం, వేలిముద్ర తీసుకున్నారు. జనవరి 27న నగర మేయరు జౌ షియాన్‌వాంగ్ ప్రభుత్వ టీవీలో మాట్లాడుతూ, స్థానిక ప్రభుత్వంగా తమకు సమాచారం అందినా పైనుంచి అనుమతి వచ్చాకే వెల్లడించగలమని చెప్పారు. ఆయన తప్పించుకోవడానికే అలా అన్నారని అనుకున్నా, ఆ మాటలో అబద్ధం లేదు. ఫిబ్రవరి 13న హుబేయ్ ప్రావిన్సు పార్టీ కార్యదర్శినీ, వుహాన్ పార్టీ కార్యదర్శినీ తొలగించారు. మేయరు మాత్రం 2021 జనవరి దాకా అదే కుర్చీలో కొనసాగారు. ఎవరి చేతిలో నిర్ణయం ఉందో ఆ తొలగింపులే చెప్పాయి. కోటి మందికి పైగా ఉన్న ఆ నగరాన్ని జనవరి 23న ఒక్క ఆదేశంతో మూసివేయగలిగిందీ, వెయ్యి పడకల ఆసుపత్రిని పది రోజుల్లో లేపిందీ ఈ వ్యవస్థే. ఆ ఆదేశం వచ్చేదాకా విలువైన రోజులు మౌనంగా గడిచిపోవడానికి కారణమూ ఇదే. ఆ వేగాన్ని మాత్రం తెచ్చుకుని ఈ మౌనాన్ని అక్కడే వదిలేసి రావడం ఎలాగో, చైనా తరహా పాలన కోరేవారు చెప్పాలి.

నిజంగా నేర్చుకోదగినవి వేరే ఉన్నాయి, వాటి గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. మొత్తం ప్రభుత్వ వ్యయంలో దాదాపు 85 శాతం అక్కడ కేంద్రం కాకుండా (ప్రావిన్సులతో సహా) స్థానిక ప్రభుత్వాలే ఖర్చు చేస్తాయి. మన పంచాయతీలూ, మున్సిపాలిటీలూ నిధుల కోసం ఎదురుచూసే తీరు తెలిసినవారికి ఇది చిన్న విషయం కాదు. పైకి వెళ్లే నాయకులు కింది నుంచి మెట్లెక్కి వస్తారు: షీ జిన్‌పింగ్ 1982లో హెబేయ్‌లోని జెంగ్‌డింగ్ కౌంటీ అనే చిన్న పాలనా విభాగంలో పార్టీ ఉప కార్యదర్శిగా మొదలుపెట్టి, ఫుజియాన్, జెజియాంగ్, షాంఘై మీదుగా బీజింగ్ చేరారు. కానీ పదోన్నతి పైవారి చేతిలోనే ఉండి, కింద అడిగే ఓటరూ పత్రికా లేనప్పుడు, పైవారి కంటికి కనిపించే కట్టడాల మీదే అధికారుల మనసు ఉంటుంది. గ్విజౌ ప్రావిన్సులోని దూషాన్ అనే పేద కౌంటీ జనాభా సుమారు మూడున్నర లక్షలు. అక్కడ దాదాపు వంద మీటర్ల ఎత్తున ఒక భారీ భవనం సహా ఎన్నో ఆడంబర నిర్మాణాలు మొదలుపెట్టి సగంలో ఆపేశారు. కౌంటీ నెత్తిన 4,000 కోట్ల యువాన్ల అప్పు మిగిలింది. తర్వాత అవినీతి కేసులో అక్కడి పార్టీ కార్యదర్శికి జైలు శిక్ష పడింది గానీ, అప్పు మాత్రం కౌంటీ మీదే ఉండిపోయింది.

మీ పత్రికకు ఒక విన్నపం. ఏటా మార్చిలో బీజింగ్‌లో జరిగే జాతీయ ప్రజా కాంగ్రెస్ సమావేశాలను మన పార్లమెంటు సమావేశాల్లాగా రాయడం వల్ల, అక్కడే నిర్ణయాలు జరుగుతున్నాయని పాఠకులు అనుకుంటున్నారు. ఉదాహరణకు, 15వ పంచవర్ష ప్రణాళిక ఆ సభ ముందుకు రాకముందే, దాని సిఫార్సులను 2025 అక్టోబరులోనే పార్టీ కేంద్ర కమిటీ ఆమోదించింది. ఇకపై చైనా మంత్రి గురించో, మేయరు గురించో రాసేటప్పుడు పార్టీలో ఆ వ్యక్తి స్థానం ఏమిటో కూడా ఒక్క వాక్యంలో చేర్చవలసిందిగానూ, కేంద్ర కమిటీ సమావేశాల వార్తలకు లోపలి పేజీల్లో మూడు లైన్లు కాకుండా తగినంత చోటు ఇవ్వవలసిందిగానూ కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు, తెనాలి