లెవెల్ పెరిగినా బలం పెరగని ఆటలు

సంపాదకులకు నమస్కారం.

రోల్ ప్లేయింగ్ వీడియో గేమ్‌లలో, అంటే ఒక పాత్రను నడిపిస్తూ దాని నైపుణ్యాలను పెంచుకునే ఆటల్లో, పాత్ర లెవెల్ (ఎదుగుదలను చూపే అంకె) పెరగడమంటే ఆటగాడు పడ్డ శ్రమకు దక్కే కూలి. పేరున్న ఆటలు సైతం ఆ కూలిని ఎగ్గొడుతున్నాయన్న బాధతో ఈ లేఖ రాస్తున్నాను.

బెథెస్డా సంస్థ 2006లో విడుదల చేసిన ‘ఆబ్లివియన్’నే తీసుకుందాం. అందులో మన లెవెల్‌తో పాటు శత్రువుల బలమూ పెరుగుతుంది. మొదట్లో తోలు కవచాలతో ఎదురుపడే దారిదోపిడీ దొంగలు, మనం ఎదిగేసరికి ఎంతో ఖరీదైన గ్లాస్ కవచాలు తొడుక్కుని వచ్చి, అప్పుడు కూడా వంద నాణేలే ఇమ్మని బెదిరిస్తారు. ఆ కవచాన్ని అమ్ముకుంటే అంతకు ఎన్నో రెట్లు వస్తుంది కదా! అంతకన్నా అన్యాయం మరొకటుంది. అందులో మనం ముఖ్యమైనవిగా ఎంచుకున్న నైపుణ్యాలను వాడేకొద్దీ లెవెల్ పెరుగుతుంది కనుక, పరుగు, గెంతడం ముఖ్య నైపుణ్యాలుగా ఎంచుకున్నవారికి ఊళ్ల మధ్య తిరుగుతుండగానే లెవెల్ పెరిగిపోతుంది. కత్తి తిప్పడం మాత్రం ఏమీ మెరుగుపడదు, అయినా ఎదుటివాడు ఆ కొత్త లెవెల్‌కు తగిన బలంతోనే మీదికి వస్తాడు. అందుకే చాలామంది తాము అంతగా వాడని నైపుణ్యాలనే ముఖ్యమైనవిగా ఎంచుకుని, ఏది ఎన్నిసార్లు పెరిగిందో లెక్కలు రాసుకుంటూ ఆడవలసి వచ్చింది. 1999 నాటి ‘ఫైనల్ ఫాంటసీ 8’లోనూ శత్రువులు మనతో పాటే పెరుగుతారు కనుక, లెవెల్ పెంచుకోకపోవడమే లాభమని అనుభవజ్ఞులు చెబుతారు.

ఆటగాడు ఏ దిక్కుకు వెళ్లినా దారి మూసుకుపోకూడదన్న రూపకర్తల ఉద్దేశాన్ని నేను కాదనను. అయితే అందుకు ప్రపంచమంతటినీ మన కొలతకు కుదించనక్కర్లేదని 2001లో జర్మనీ నుంచి వచ్చిన ‘గాథిక్’ చూపించింది. అందులో కత్తిసాము రాని హీరో ఒంటిచేతి కత్తిని రెండు చేతులతో మొరటుగా పట్టుకుంటాడు; గురువు దగ్గర నేర్చుకున్నాక ఒంటిచేత్తో తేలిగ్గా తిప్పుతాడు. ఒకప్పుడు మనల్ని తరిమిన మృగం ఉన్న బలంతోనే ఉంటుంది, దాన్ని ఓడించగలిగే స్థితికి మనమే చేరుకుంటాం. ఆ ఆనందం ఎన్ని అంకెలు పెంచినా రాదు.

గేమ్‌లను పరిచయం చేసేటప్పుడు గ్రాఫిక్స్, ధరలతో పాటు, లెవెల్ పెరిగినప్పుడు ఆటగాడికి నిజంగా ఏం దక్కుతుందో కూడా రాయించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, హనుమకొండ