సిమెంటు ఇచ్చేముందు గండి ఎక్కడుందో ఊరిని అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ పేపర్లో దక్షిణ కొరియాలో పల్లెల బాగు కోసం నడిచిన సేమావుల్ ఉద్యమం మీద వచ్చిన వ్యాసం చదివిన రోజే రాద్దామనుకున్నా గానీ నూర్పుల పనిలో పడి ఇప్పటికి కుదిరింది. 1970లో పార్క్ చుంగ్ హీ ప్రభుత్వం మొదలెట్టిందనీ, 33 వేల పైచిలుకు ఊళ్ళకి ఊరికి 335 బస్తాల చొప్పున సిమెంటు పంచిందనీ, దాంతో పల్లెల రూపే మారిపోయిందనీ రాశారు, బాగుంది. చివర్లో మన జనానికి కష్టపడే గుణం లేదు, అన్నీ సర్కారే చెయ్యాలంటారు, అందుకే ఇలాంటివి ఇక్కడ నడవవు అని తేల్చేశారు చూడండి, ఆ మాటకే నాకు ఒళ్ళు మండింది.

అసలు సంగతి వదిలేశారు కదండీ. ఆ సిమెంటు ఇళ్ళకి పంచుకోకూడదు, ఊరుమ్మడి పనికే వాడాలన్నారు, ఏ పని అనేది ఊరివాళ్ళనే కూర్చుని తేల్చుకోమన్నారు. మరుసటి ఏడు బాగా చేసిన 16,600 ఊళ్ళకే మళ్ళీ 500 బస్తాలు, టన్ను ఇనుము ఇచ్చారు. ఊరికి ఒక మగ లీడరు, ఒక ఆడ లీడరు. అలాగని అక్కడ అంతా బంగారం అని నేననను, అది మిలిటరీ మనిషి పాలన, పైనుంచి ఒత్తిడి గట్టిగానే ఉండేది, పూరికప్పులు తీసి కొత్త కప్పు వేసుకోడానికి అప్పుల పాలైన రైతులూ ఉన్నారు, అదీ మీరు రాయలేదు.

మాది ఒడిశాలో గజపతి జిల్లా, పర్లాకిమిడి వైపు. ఇక్కడ ఆడవాళ్ళ పొదుపు సంఘాల పథకం మిషన్ శక్తి 2001 మార్చి 8న మొదలైంది, అది మంచి చెయ్యలేదంటే కళ్ళు పోతాయి. వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కకుండా బిడ్డకి మందు కొనుక్కోగలిగామంటే ఆ పొదుపు వల్లే. సంఘాల ఆడవాళ్ళు మండీల్లో ధాన్యం కొంటున్నారు, అంగన్‌వాడీ పిల్లలకి ఛతువా అనే బలం పిండి తయారు చేస్తున్నారు. కష్టపడే గుణం లేనివాళ్ళు చేసే పనులా ఇవి?

మా ఊరి చెరువు సంగతి చెప్తాను. పంచాయతీ చెరువుని చేపల పెంపకానికి మా సంఘానికి లీజుకిచ్చారు. తూము పక్కన గట్టు జారిపోయి గండి ఉంది, ఎండాకాలంలోనే అందరం వెళ్ళి చూపించాం, ఓ ఇరవై బస్తాల సిమెంటు, రెండు ట్రాక్టర్ల రాయి ఇప్పించండి, కూలి లేకుండా మేమే కట్టుకుంటాం అని కాగితం కూడా పెట్టాం. ఆ హెడ్‌లో, అంటే ఆ ఖర్చు పద్దు కింద, డబ్బు లేదన్నారు. నెల తిరక్కుండా అదే గట్టు మీద స్కీం పేరు, నాయకుల ఫోటోలతో ఇంత ఎత్తు సిమెంటు దిమ్మ లేచింది, దానికి ఏ హెడ్‌లో డబ్బు వచ్చిందో మాకు తెలీదు. చేప పిల్లలు వదిలాక ఒక్క పెద్ద వాన పడింది, తెల్లారేసరికి గండి కోసుకుపోయి నీళ్ళతో పాటు చేపలూ కింది మళ్ళలోకి వెళ్ళిపోయాయి, వరి దుబ్బుల మధ్య పిల్లలు తువ్వాళ్ళతో పట్టుకుంటుంటే మేం గట్టు మీద నిలబడి చూశాం. బ్యాంకు కిస్తీ మాత్రం మా నెత్తినే ఉంది. ఆ తర్వాత మీటింగులో మా చెరువు బాగా నడుస్తున్నట్టే చదివారు, నేను విన్నాను.

విన్నాను కాబట్టి తెలిసింది, రాసింది మేం చదవలేం కదా. మీటింగు సంగతులు రాసే మినిట్స్ బుక్కు మొత్తం ఒడియాలో. మాట్లాడ్డం మాకందరికీ వచ్చు, చదవడం మా సంఘంలో ఇద్దరికే వచ్చు. ఎక్కడ వేలు చూపిస్తే అక్కడ సంతకం, ఒక్కోసారి మీటింగు కాకముందే సంతకం. ఒడియా మీద మాకు కోపం లేదు, ఈ గడ్డ మీద పుట్టినవాళ్ళమే, కానీ మా డబ్బు లెక్క మాకు అర్థమయ్యే అక్షరాల్లో పక్కన ఇంకో పేజీ రాస్తే ఎవరి సొమ్ము పోయింది? మా ఊరి బడిలో తెలుగు మాస్టారు రిటైరయ్యాక ఇంకొకర్ని వెయ్యనేలేదు, రేపు మా పిల్లలకి తెలుగూ రాదు, ఒడియా కూడా అరకొరే.

ఏ పార్టీ ఉన్నా ఇంతే. పెద్దవాళ్ళు ఎవరొచ్చినా ముందు సంఘాలకే కబురు, ఒకే రంగు చీరలు కట్టుకుని పొద్దున్నే బస్సెక్కాలి, రాకపోతే లోను సంగతి చూద్దాం అంటారు. దీన్ని ఉద్యమం అంటారా? 2024 నుంచి ఒడిశా సర్కారు ఆడవాళ్ళకిచ్చే సుభద్ర పథకం డబ్బు ఏడాదికి 10 వేలు వస్తోంది, సంతోషమే, కానీ అది ఎవరి ఖాతాలో వాళ్ళకి పడేది, దాంతో చెరువు గట్టు నిలబడదు. ఏరు దాటితే ఆంధ్రా, అక్కడ పాతపట్నం వైపు మా అక్కావాళ్ళదీ ఇదే గోల. 1997లో జన్మభూమి అని శ్రమదానాలు చేయించారు, నోడల్ ఆఫీసర్లొచ్చి ఊరడిగినవన్నీ రాసుకుపోయారు, వాళ్ళ వీధి కాలవ మాత్రం తర్వాత చాన్నాళ్ళకి గానీ రాలేదు. తర్వాత అక్కడ పొదుపు సంఘాలకి వెలుగు పథకం వచ్చింది, అదే ఇందిరా క్రాంతి పథం అయింది. బోర్డుకి రంగు మార్చడానికున్న తొందర పని చెయ్యడానికి ఉండదు.

మాకు కొరియా పాఠాలు వద్దండీ. పల్లీసభలో, అంటే మా ఊరందరూ కూర్చునే సభలో, ఊరు ఏది ముందు అంటే అది ముందు చెయ్యండి, దానికి సామాను ఇవ్వండి, చేసి చూపించకపోతే మరుసటి ఏడు ఇవ్వకండి. సంఘం లెక్కలు తెలుగులో కూడా రాయించి, సంతకం పెట్టే ముందు చదివి వినిపించండి. మా ఈ మాట కూడా అచ్చెయ్యండి, వీలైతే వచ్చే వానల్లోపు మీ విలేకరిని ఇటు పంపండి, ఆ దిమ్మ, గండి రెండూ పక్కపక్కనే ఉన్నాయి, ఫోటో తీసుకోవచ్చు.

ఇట్లు
ఒక మహిళా సంఘం సభ్యురాలు,
గజపతి జిల్లా, ఒడిశా