ఫోన్‌లో మా ఎరుపు కనిపించదు, మంత్రి గారూ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ చేనేత, జౌళి శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను శ్రీకాళహస్తిలో కలంతో గుడ్డ మీద బొమ్మలు వేసే కలంకారీ పని చేస్తాను. మా నాయన దగ్గర కలం పట్టడం నేర్చుకున్నాను. ఈ ఉత్తరం డబ్బు సాయం కోసం కాదు, రంగు గురించి. మా సరుకు అమ్ముడుపోయినా, వెనక్కి వచ్చినా చాలాసార్లు కారణం రంగే.

పోయిన ఏడాది హైదరాబాద్ నుంచి ఒకావిడ ఫోన్‌లో ఫొటో చూసి గోడకు తగిలించే గుడ్డ తీసుకున్నారు. రామ పట్టాభిషేకం, నెలన్నర పని. పార్సిల్ అందిన రాత్రే ఫోన్ చేశారు. "ఫొటోలో ఎర్రగా ఉందమ్మా, ఇదేమో ఇటుక రంగులో ఉంది. తెలుపంతా పసుపు తిరిగింది, పాత గుడ్డ పంపారా?" అన్నారు. ఆమె తప్పేమీ లేదు, ఆమెకు అలాగే కనిపించింది. మా గుడ్డకుండే లేత పసుపును ఫోన్ కెమెరా తనంతట తానే తెలుపు చేసేసింది. ఇంట్లో బల్బు వెలుతురు ఎరుపును మరోలా చూపించింది. గుడ్డ తిరిగొచ్చింది, రానుపోను కొరియర్ ఖర్చు నా మీదే పడింది.

మా గుడ్డ అసలు తెల్లగా ఉండదండీ. గాడా అనే ముతక నూలు గుడ్డను కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరబెడతాం. ఆ పసుపు అక్కడే వస్తుంది. పాలలోని కొవ్వు వల్ల గీత పాకిపోకుండా నిలుస్తుంది. చింత బరికెల బొగ్గుతో బొమ్మ వేసుకుని, దాని మీద కసింతో గీస్తాం. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్ళలో వారాల తరబడి ఊరితే వచ్చేదే కసిం. కలం తాకినప్పుడు గీత వెలిసినట్టు ఉంటుంది. చూస్తుండగానే కరక్కాయతో కలిసి నల్లబడుతుంది. చిన్నప్పుడు అది చూడ్డానికే నాయన పక్కన కూర్చునేదాన్ని. ఎరుపు ఇంకా వింత. ఎర్రగా రావాల్సిన చోట మేం పటిక నీళ్ళు పూస్తాం. ఆరాక పారే నీళ్ళలో జాడించి, మంజిష్ట వేరు వేసి ఉడికిస్తే, పటిక ఉన్న చోటే ఎరుపు పట్టుకుంటుంది. నీళ్ళు మారినా, ఎండ మారినా ఆ ఎరుపు మారుతుంది. ఏ రెండు గుడ్డలూ అచ్చం ఒకేలా రావు.

రంగు కుదిరిందో లేదో చూడాలంటే నాయన గుడ్డను వాకిట్లోకి తెచ్చేవాడు. దీపం పెట్టాక రంగు పని ముట్టేవాడు కాదు. ఎండలో ఒకటిగా కలిసిపోయిన రెండు ఎరుపులు ట్యూబ్‌లైట్ కింద వేరువేరుగా తేలొచ్చు. నల్ల గీత పక్కన ఉన్న ఎరుపు, నీలం పక్కన ఉన్న ఎరుపు ఒక్కటే అయినా కంటికి ఒక్కలా ఉండవు. ఇది మా వీధిలో పిల్లలకు కూడా తెలుసు. అమ్మే చోట మాత్రం ఎవరికీ పట్టదు. ఒక ప్రదర్శనలో మా స్టాల్ మీద పసుపు ఫోకస్ లైట్లు బిగించారు. నీలిమందు నీలం కాస్తా నల్లగా కనిపించింది. మూడు రోజులు కూర్చుని, వచ్చినవాళ్ళను గుమ్మం దాకా పిలుచుకెళ్ళి గుడ్డ చూపించాను.

ఇంకో పక్క మా బొమ్మలనే స్క్రీన్ ప్రింట్, డిజిటల్ ప్రింట్ కొట్టి కలంకారీ పేరుతోనే అమ్ముతున్నారు. రసాయన రంగులు ఫోన్‌లో ధగధగలాడతాయి. వాటి పక్కన మాది వెలిసిపోయిన గుడ్డలా ఉంటుంది. అచ్చులతో అద్దే బందరు కలంకారీ వేరే విద్య, కానీ అది చేసే పెడన వాళ్ళదీ ఇదే బాధ. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చి దాదాపు 20 ఏళ్ళవుతోంది. ఆ పేరును అక్రమంగా వాడితే 6 నెలల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు అని 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టంలోనే ఉంది. దుకాణాల్లో తనిఖీ చేయించండి. ప్రింటును ప్రింటు అని రాసి అమ్మితే మాకు అభ్యంతరం లేదు.

అన్నిటికన్నా ముందు, శ్రీకాళహస్తిలో మాకు ఒక ఫొటో గది కావాలి. పగటి వెలుతురులాంటి లైట్లు, రంగు సరిచూసుకునే కార్డు, ఒక మంచి కెమెరా, అది తెలిసిన మనిషి ఒకరు. అందరం వంతులేసుకుని వాడుకుంటాం. ప్రభుత్వం తరఫున ఆన్‌లైన్‌లో అమ్మే ప్రతి కలంకారీ కింద, ఇవి చెట్ల రంగులు, గుడ్డ లేత పసుపుగానే ఉంటుంది, వెలుతురును బట్టి ఛాయ మారుతుంది అని తెలుగులో, ఇంగ్లీషులో రాయించండి. పెద్ద గుడ్డ కొనేవాళ్ళకు ముందుగా చిన్న నమూనా ముక్క పోస్టులో పంపే ఏర్పాటు ఉంటే, వెనక్కి వచ్చేవి చాలా తగ్గుతాయి. ప్రదర్శనల్లో మా స్టాళ్ళకు తెల్లటి లైట్లు పెట్టించండి, లేదంటే కిటికీ పక్కన చోటివ్వండి.

ఈ ఉత్తరంతో పాటు మీ ఆఫీసుకు జానెడు గుడ్డ పంపుతున్నాను. నలుపు, ఎరుపు, పసుపు, నీలం నాలుగూ ఉన్నాయి. దయచేసి దాన్ని ఏ పొద్దున పూటో కిటికీ దగ్గర పెట్టి చూడండి. అక్కడే మీ ఫోన్‌తో ఒక ఫొటో తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇట్లు,
శ్రీకాళహస్తి కలంకారీ కళాకారిణి