తెల్లపులికి పెళ్ళిచూపుల ఫోటో

ఒరేయ్ బావా,

ముందు ఓ నాలుగు తిట్లు తిట్టేయ్, తర్వాత చదువు. సంక్రాంతికి ముందు వచ్చిన నీ ఉత్తరానికి ఇప్పుడు, దాళ్వా చేలు పొట్ట మీదుండగా జవాబు రాస్తున్నాను. సాకులు చాలా ఉన్నాయి గానీ నువ్వెలాగూ నమ్మవు. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, శివారు చేలకి నీళ్ళు వంతులవారీగానే వస్తున్నాయి, కొబ్బరి రేటు అడగకు, బుజ్జిదానికి పరీక్షలు, దానికంటే వాళ్ళమ్మకి టెన్షన్ ఎక్కువ. అయిపోయాయి కబుర్లు. అసలు సంగతి ఇంకోటుంది. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు, ఫోన్‌లో అయితే నువ్వు మధ్యలోనే నవ్వి పాడుచేస్తావు.

మన స్టూడియో బాబాయ్ తెల్లపులికి పెళ్ళిచూపుల ఫోటో చేశాడురా.

ఆగు, మొదట్నించీ చెప్తాను. మేనల్లుళ్ళిద్దరూ ఎప్పట్నించో పీకుతున్నారని విశాఖ జూకి తీసుకెళ్ళాను. రావులపాలెం మీదుగా రాజమండ్రి, అక్కణ్ణించి రైలు. బావగారు సోమవారానికి టికెట్లు తీయబోయారు, సోమవారం జూకి సెలవండీ అని ఆపాను. నువ్వు అక్కడే చదివావు కదా, ఒక్కసారైనా లోపలికి వెళ్ళావా? వెళ్ళి ఉండవు, నీ దారులు వేరు, సాయంత్రాలు ఎక్కడ గడిచేవో నాకు తెలుసు. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు సముద్రం, 600 ఎకరాల పైనే. 1977లో తెరిచారు. మధ్యాహ్నానికే నా కాళ్ళు పనిచెయ్యడం మానేశాయి, పిల్లలు మాత్రం జిరాఫీ దగ్గర్నించి నీటి ఏనుగు దగ్గరికి, అక్కణ్ణించి మళ్ళీ జిరాఫీ దగ్గరికి పరుగులు.

నా మెడలో ముసలాడు. అవును, నువ్వు నాకు అంటగట్టిన పాత కెనాన్ కెమెరానే, ఇంకా బతికే ఉన్నాడు, దూరాన్ని దగ్గరికి లాగే 55-250 జూమ్ లెన్సు తగిలించాను. వాడికీ వేరే టికెట్టు తీసుకోవాలిరా అక్కడ, మనిషికి తీసుకున్నట్టే.

జూలో ఫోటో తీసేవాడికి జాలీయే, అదే బోను తీగల అల్లికే, శత్రువు. కంటికి జాలీ అడ్డం అనిపించదు, అలవాటైపోతుంది, కెమెరాకి మాత్రం ముందు కనిపించేది అదే. ముసలాడు ఎదురుగా చిరుతని పెట్టుకుని తీగ మీద ఫోకస్ చేసి కూర్చుంటాడు, పెళ్ళిపందిట్లో పెళ్ళికూతుర్ని వదిలేసి వంటవాళ్ళ దగ్గర కుర్చీ వేసుకునే మీ చిన్నమామయ్యలాగ. దీనికి మందు ఏంటంటే, జూమ్ చివరిదాకా లాగి, ఎపర్చర్, అదే లెన్సులో వెలుగు దూరే కంత, ఎంత తెరుచుకుంటే అంత తెరిచి, ఫోకస్ పాయింట్ ఒక్కటే ఉంచుకుని దాన్ని జంతువు కంటి మీద పెట్టాలి. వినకపోతే చేత్తో రింగు తిప్పుకోవాలి. జంతువు జాలీకి దగ్గరగా వచ్చినప్పుడు కాదు, వెనక్కి వెళ్ళినప్పుడు నొక్కాలి, అప్పుడు తీగ కరిగిపోతుంది. పిల్లలేమో అది దగ్గరికొచ్చినప్పుడల్లా 'మావయ్యా తియ్యి తియ్యి' అని అరుస్తారు! ఇంకో సంగతి, ఎండ పడ్డ తీగ మెరిసి ఫోటో అంతా తెల్లటి పొర కమ్మేస్తుంది. నాలుగడుగులు పక్కకి జరిగి చెట్టునీడ పడిన జాలీ వెతుక్కుంటే అదే చిరుత, అదే లెన్సు, తీగ ఆనవాలు ఉండదు. అద్దం ఉన్నచోట లెన్సు హుడ్డు అద్దానికి ఆనించి పక్కల్నించి చేత్తో మూసేస్తే చాలు, లేకపోతే పాము బదులు మన చొక్కా గళ్ళు పడతాయి.

రేచుకుక్కలున్నాయిరా అక్కడ, అదే, అడవికుక్కలు. వాటిని సంరక్షించి పిల్లలు పెట్టించే కేంద్రం ఆ జూలోనే ఉంది. ఒక్క క్షణం నిలబడవు. షట్టర్ 1/500 పెట్టినా తోకలే వచ్చాయి. వాటి గురించి ఇంకోసారి రాస్తాను, ఇప్పుడు మొదలుపెడితే పులి దాకా రాలేను.

తెల్లపులి దగ్గరికి వచ్చేసరికి మూడు దాటింది. నీడలో వెల్లకిలా పడుకుని ఉంది, పాదాలు నాలుగూ ఆకాశంలోకి. జనం ఈలలు వేస్తున్నారు, ఒకడు చప్పట్లు కొడుతున్నాడు, దానికి చీమ కుట్టినట్టయినా లేదు. పిల్లల్ని బావగారితో ఐస్‌క్రీముకి పంపించి నేను అక్కడే ఉండిపోయాను. జనం పల్చబడ్డాక లేచింది. ఒళ్ళు విరుచుకుని, తలొక్కసారి విదిల్చి, నా వైపు తిరిగింది. వెనకంతా ముదురాకుపచ్చ నీడ, మధ్యలో తెల్లటి ఒళ్ళు. ఇలాంటప్పుడు కెమెరాని దాని లెక్కకి వదిలేస్తే చీకటిని చూసి కంగారుపడి వెలుగు పెంచేస్తుంది, పులి సున్నం కొట్టిన గోడైపోతుంది, బొచ్చులో ఒక్క వెంట్రుక మిగలదు. అందుకే ముందే ఎక్స్‌పోజర్ మైనస్‌లో పెట్టుకుని ఉన్నాను. నొక్కాను.

వెనక తెరలో పెద్దది చేసి చూసుకుంటే, కుడికన్ను నన్ను చూస్తోంది, ఎడమకన్ను దాని ముక్కుని చూసుకుంటోంది. మెల్లకన్ను! నీలంకళ్ళు, గులాబీ ముక్కు మీద అడ్డంగా పాత గీత, చూపు మాత్రం మన లెక్కల మాస్టారు 'నువ్వే లేవరా' అంటే ఇద్దరం లేచేవాళ్ళమే, ఆ చూపు. అక్కడే నిలబడి నవ్వుకున్నాను.

ఇంటికొచ్చాక రాత్రుళ్ళు ఎడిటింగు. కెమెరా పట్టిందంతా ఉన్నదున్నట్టు దాచే 'రా' (RAW) ఫైలు తీయడం ఎంత మంచిదో అప్పుడు తెలుస్తుంది, తెల్లగా పోయిందనుకున్న చోట కూడా బొచ్చు బయటికొచ్చింది. హైలైట్లు, అంటే మరీ వెలుగున్న చోట్లు, తగ్గించాను. పొట్ట కింద, గడ్డం కింద పచ్చటి జీర ఉంది. ఇదేం రోగమో అనుకున్నాను, రోగం కాదు, గడ్డి మీద పడ్డ ఎండ తిరిగి దాని తెల్ల పొట్ట మీద పడుతోంది. ఫోటో మొత్తానికి రంగు మారిస్తే ముక్కు ఎర్రబడిపోతోంది, అందుకని బ్రష్ పట్టుకుని పొట్టకి మాత్రమే పచ్చదనం తగ్గించాను. దగ్గరగా చూస్తే చారలు నల్లవి కాదురా, ముదురు గోధుమరంగు. ఒక మూల మసక తీగ పడింది, చెవి ముందు ఎండుపుల్ల అడ్డం వచ్చింది, ఎవడో పారేసిన ప్లాస్టిక్ సీసా ఒకటి. మూడూ చెరిపేశాను. ఇది గుర్తుపెట్టుకో, బాబాయ్ దీని మీదే కొట్టాడు నన్ను.

సరే, మ్యాట్ కాగితం మీద 12 బై 18 ప్రింటు కావాలని బాబాయ్ స్టూడియోకి వెళ్ళి పెన్‌డ్రైవ్ ఇచ్చాను. బాబాయ్ అంటే తెలుసు కదా, నీ పెళ్ళి ఆల్బమ్‌లో మీ మామగారికి జుట్టు మొలిపించిన మహానుభావుడు. ప్రింటు చాలు బాబాయ్, ఏం ముట్టుకోకు అన్నాను. 'నాకు చెప్తావేంట్రా' అన్నాడు.

మర్నాడు వెళితే ఫ్రేము కట్టి, కవరు కప్పి, కొబ్బరికాయ కొట్టడం ఒక్కటే తక్కువ. తీశాడు.

బావా, పాపికొండలు. సూర్యాస్తమయం. గోదాట్లో లాంచీ. ముందు ఇసుకతిన్నె మీద నా పులి. ఒళ్ళు పాలరాయి, చారలు బొగ్గు. మీసాల మొదట్లో వరసగా చుక్కలుంటాయి చూడు, అవి లేవు. ముక్కు మీద గీత లేదు. కళ్ళు రెండూ సూటిగా, పెళ్ళివారు వచ్చినట్టు.

'మీసాల దగ్గర చుక్కలేవి బాబాయ్?'

లోపల కంప్యూటరు ముందున్న కుర్రాడు తల బయటికి పెట్టాడు. 'ఆయ్, మొటిమలనుకున్నానండి.'

'కన్నేమైంది?'

బాబాయ్ అందుకున్నాడు. 'మెల్ల ఉంటే సంబంధం ఎలా కుదురుతుందిరా దానికి? సరిచేయించాను. దానికి డబ్బులు వద్దులే.'

ఎలా సరిచేశారో కాసేపు చూస్తే తెలిసింది. కుడికన్ను కోసి, తిప్పి, ఎడమ వైపు అంటించారు. కుడికంట్లో ఎండ మెరుపు ఒక పక్కనుంది, తిప్పి అంటించేసరికి రెండో కంట్లో మెరుపు ఎదురు పక్కకి పోయింది. అంటే పులికి చెరో పక్కా ఒక సూర్యుడు, వెనక పాపికొండల్లో అస్తమిస్తున్నవాడితో కలిపి ముగ్గురు. ఇదే చూపించాను. బాబాయ్ కళ్ళజోడు పైకెత్తి చూసి, 'గోదారి జిల్లాలో ఎండెక్కువ' అన్నాడు. ఏం మాట్లాడతాం?

నేనూ ఊరుకోలేదు. పాపికొండల్లో తెల్లపులులెక్కడివి అన్నాను. అక్కడ పులులున్నాయా లేవా అన్నాడు. ఉన్నాయి, తెల్లవి లేవు. అడవిలో తిరిగిన ఆఖరి తెల్లపులిని 1958లోనే కాల్చేశారు. 1951లో మధ్యప్రదేశ్ వైపు రీవా మహారాజు అడవిలో ఒక తెల్ల పులిపిల్లని పట్టించి మోహన్ అని పేరుపెట్టి పెంచాడు. దాన్ని మామూలు ఆడపులితో కలిపితే పిల్లలన్నీ మామూలు రంగులోనే పుట్టాయి. ఆ పిల్లల్లో ఒకదాన్ని, అంటే మోహన్ కూతుర్నే, మోహన్‌తో కలిపితే 1958లో తెల్లవి పుట్టాయి. ఇవాళ జూల్లో కనిపించే తెల్లపులుల్లో చాలావాటి వంశం మోహన్ దాకా వెళుతుంది. వేరే జాతేం కాదు, మన మామూలు పెద్దపులే, రంగు తగ్గించే జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చింది, అంతే. 2013లో చైనా శాస్త్రజ్ఞులు ఆ జన్యువులో ఒకే ఒక్క చిన్న మార్పు ఉందని పట్టుకున్నారు. రంగు తగ్గినచోట కంటి నుంచి మెదడుకి వెళ్ళే నరాలు కూడా దారి తప్పుతాయట, అందుకే వీటిలో మెల్ల ఎక్కువ. అంటే ఆ తెలుపూ ఆ మెల్లా ఒకచోట పుట్టినవేరా. జనం ముచ్చటపడే రంగు ఉంచి, దాని వెంట వచ్చిన కన్ను మాత్రం చెరిపేస్తే ఎలా?

ఇదంతా చెప్పాను. కుర్రాడు నోరు తెరుచుకుని విన్నాడు. బాబాయ్ మాత్రం టీ చప్పరిస్తూ, 'మరి నువ్వు జాలీ ఎందుకు తీశావు?' అన్నాడు.

తీగ ఒక్కటే కదా అన్నాను. 'సీసా?' చెత్త కదా. 'పుల్ల?' అడ్డం. 'పొట్ట మీద పచ్చరంగు?' అది గడ్డిది, పులిది కాదు. 'నువ్వు చేస్తే కలర్ కరెక్షను, నేను చేస్తే మోసం. పులి బోనులో ఉందన్న ముక్కే నువ్వు తీసేశావు. ఆ తర్వాత నేను ఎక్కడ నిలబెడితే ఏంటి?'

ఏం సమాధానం చెప్పాలో తోచలేదు, నిజంగా. బస్సులో వస్తూ అనుకున్నాను, నాకూ దానికీ మధ్య వచ్చింది తీసెయ్యొచ్చు, దాని ఒంటి మీదది తీయకూడదు అని. బాగానే ఉంది. కానీ ఇంట్లో చూసినవాళ్ళందరూ 'ఏ అడవిరా?' అనే అడుగుతున్నారు, జూ అనగానే మొహాలు దిగిపోతున్నాయి. కోరంగి మడ అడవుల్లో బావురుపిల్లి, అదే చేపలు పట్టుకు తినే అడవిపిల్లి, ఉంది, మనకి కూతవేటు దూరం, జాలీ లేదు, టికెట్టు కొని చెక్క బాట మీద ఎంతసేపు నడిచినా అది రాత్రి తిరిగే జీవి, మనకి కనపడదు. జాలీ ఉన్నచోటే కనిపిస్తాయి కాబట్టి జాలీ కూడా... ఏమో, ఇది ఇంకా తెగలేదు నాకు. నువ్వు ఏమంటావో రాయి.

నాన్నమ్మ మాత్రం నా పక్షం. 'మెల్లకన్ను అదృష్టంరా, ఎవడు తీసేశాడు?' అని బాబాయ్‌ని ఇంటికి రమ్మంటోంది, కేకలెయ్యడానికి. అత్తయ్యకి పాపికొండలదే నచ్చింది, హాల్లో టీవీ పైన పెట్టించేసింది, వచ్చినవాళ్ళకి 'మావాడు తీశాడు' అని చెబుతోంది, నేను వంటింట్లోకి పారిపోతున్నాను. అసలుది మళ్ళీ ప్రింటు వేయించాను. ఈసారి కుర్రాడే వేశాడు, చుక్కలు లెక్కపెట్టి చూపించాడు. కాకినాడ నుంచి కోరంగి వెళదామంటే వాడూ వస్తానంటున్నాడు, బాబాయ్ కూడా వస్తాడట, బావురుపిల్లి ఎలా ఉంటుందో ముందే అడిగాడు, నాకు భయంగా ఉంది.

తోడల్లుడు రాత్రి బస్సుకి హైదరాబాద్ వస్తున్నాడు, పొట్లంలో రెండు ఫోటోలూ పెట్టాను, పాపికొండలది చిన్న సైజు. వంచకు. పూతరేకులు పైనున్నాయి, వాటిని ముందు తియ్యి, లేకపోతే నెయ్యి కాగితానికి అంటుతుంది. చెల్లెమ్మకి చెప్పు, ఈసారి ఆ ముంగండ పెళ్ళి సంగతి తప్పకుండా... వద్దులే, ఆవిడా ఇది చదువుతుంది.

వాడు బండి స్టార్ట్ చేసి హారన్ కొడుతున్నాడు. రేచుకుక్కల సంగతి ఇంకా